ఐదో అంగడికి వేసిన జవాబు

మా తమ్ముడి మనవరాలు నర్సు చదువు పూర్తి చేసి నాందేడ్‌లో ఉద్యోగం చేస్తూ, అక్కడే ఒక చిన్న రేడియో కేంద్రంలో వారానికి ఒకసారి పడుచు పిల్లల ఆరోగ్యం గురించి మాట్లాడుతోంది. మొన్న ఇంటికి వచ్చినప్పుడు, అందరం భోజనాల దగ్గర కూర్చుని ఉండగా తన మాటలు మాకు వినిపించింది. మగపిల్లల గొంతు మారడం దగ్గర మొదలుపెట్టి, ఆడపిల్లల నెలసరి మీదుగా, పెళ్లికి ముందు ఇద్దరూ తెలుసుకోవలసిన సంగతుల దాకా ఎక్కడా నసగకుండా, కూరగాయల బేరం గురించి చెప్పినంత తేలికగా చెప్పుకుపోయింది. మా తమ్ముడు జొన్నరొట్టె తుంచుకుంటూ, మిరపకాయ పచ్చడి నంజుకుంటూ అంతా విన్నాడు. మరదలు ఇంకో రొట్టె వడ్డించింది. ఒక్కరికీ పొలమారలేదు.

నేను సంతోషించాలి కదా. సంతోషించాను కూడా, కాకపోతే కొంచెం ఆలస్యంగా. ముందు నా కడుపు మండింది. ఈ మాటలు ఇంత తేలికగా చెప్పగలిగినవే అయితే, యాభై ఏళ్ల కిందట మాకు ఎవరూ ఎందుకు చెప్పలేదని పళ్ళెం ముందు కూర్చునే ఎవరెవరినో తిట్టుకున్నాను. నా ఈడు వాళ్ళకు ఈ కోపం అర్థమవుతుంది. పిల్లకు ఏమీ చెప్పలేదు, బాగా మాట్లాడావని తల నిమిరి లేచి వెళ్ళాను. దానికి చెప్పనిది మీకు చెబుతున్నాను.

మాది ధర్మాబాద్, నాందేడ్ దగ్గర తెలుగూ మరాఠీ కలిసే సరిహద్దు ఊరు. మా బాపు, అంటే మా నాన్న, దుకాణాల బోర్డులు, గోడల మీద ప్రకటనలు రాసే పెయింటరు. మా మేనమామ ఊళ్ళోని సినిమా హాలుకు మేనేజరు. అందుకని హాలులో ఆట మొదలయ్యే ముందూ, ఇంటర్వెల్‌లోనూ తెర మీద వేసే ప్రకటనల స్లైడ్లు మా ఇంట్లోనే తయారయ్యేవి. అరచేయంత గాజుపలకను కిరోసిన్ దీపం పొగ మీద పట్టి మసి పట్టించి, ఆ మసిలో సూదితో అక్షరాలు గీకి, పైన ఇంకో పలక ఉంచి, అంచుల వెంట కాగితం అంటిస్తే స్లైడు అయ్యేది. బాపుది గోడంత అక్షరాలు రాసే చెయ్యి. అంత చిన్న పలక మీద రాయాలంటే ఆయనకు చూపు ఆనేది కాదు. అందుకే ఆ పని నాది. మరాఠీ రాసేటప్పుడు అక్షరాల నెత్తిన గీసే పొడుగాటి గీత దగ్గర మసి పొరలు పొరలుగా లేచిపోయి ప్రాణం తీసేది, మన గుండ్రటి తెలుగు అక్షరాలు మాత్రం సూది కింద సుతారంగా తిరిగేవి. ఊళ్ళో అందరూ బాపే రాస్తాడనుకునేవారు, మేమూ అలాగే అనుకోనిచ్చేవాళ్ళం, ఎందుకంటే పెళ్లి కావలసిన పిల్ల రాసిన మాటలు మగవాళ్ళతో నిండిన హాలులో తెర మీద వెలుగుతున్నాయంటే మా వాడకట్టులో ఎవరూ మెచ్చుకోరు.

ఆ రోజుల్లో సర్కారు కూడా స్లైడ్లు పంపేది, ఎర్ర త్రికోణం బొమ్మతో, ఇద్దరు ముగ్గురు పిల్లలు చాలునని. అవి పిల్లలున్న వాళ్ళకు. పెళ్లి కాని వాళ్ళకూ, కొత్తగా అయిన వాళ్ళకూ చెప్పేవారు ఎవరూ లేరు. ఆ ఖాళీ చూసుకుని దిగాడు ఒకడు. ప్రతి అంగడి రోజూ, అంటే వారానికోసారి సంత జరిగే రోజు, పొద్దుటి బండికి వచ్చి, స్టేషను పక్క లాడ్జిలో గది తీసుకుని, తన ఫొటో ఉన్న బోర్డు కిటికీకి తగిలించేవాడు. మేము లాడ్జి వైద్యుడు అనేవాళ్ళం. పడుచువాళ్ళ 'నరాల నీరసం' పోగొడతానని వెండిరంగు కాగితంలో పొట్లాలు కట్టి అమ్మేవాడు. వాడికి తెలుగు రాదు. స్లైడు కోసం మా ఇంటికి వచ్చినప్పుడు హిందీలో నాలుగు ముక్కలు చెప్పి, తెలుగులో కూడా రాయండి, చూడగానే పోరగాళ్ళకు భయం పుట్టాలి, మీకు తోచినట్టు రాయండి అని వెళ్ళిపోయాడు.

నాకు అప్పుడు పద్దెనిమిదేళ్ళు. ఆ నీరసం అంటే ఏమిటో నాకు తెలియదు. బాపును అడగలేను, అమ్మ లేదు. ఏదో అంటుకునే పెద్ద జబ్బు కాబోలు అనుకున్నాను. పెళ్లి చేసుకున్న ఆడదానికి కూడా అది అంటుతుంది కాబోలు అనుకుని, లోకంలోని ఆడపిల్లలందరి తరఫునా నేనే వకాల్తా పుచ్చుకుని, వాడు చెప్పని వాక్యం ఒకటి నా సొంతంగా చేర్చాను. 'నీరసం దాచి పెళ్లి చేసుకోకు. ఒక ఆడపిల్ల బతుకు నీ చేతుల్లో పాడైపోతుంది.' ఎంత బాగా రాశానో అని పలకను వెలుతురుకు పట్టి రెండుసార్లు చదువుకున్నాను. వైద్యుడు దాన్ని ఎవరితోనో చదివించుకుని తెగ మురిసిపోయాడట. ఆ స్లైడు ఏళ్ల తరబడి ఆడింది.

మరుసటి ఏడు నాకు దగ్గర్లోని కర్ఖేలి సంబంధం కుదిరింది. నాలుగైదు ఎకరాల మిరప, జొన్న, ఒక్కడే కొడుకు, అత్త. ఆయన నెమ్మదైన మనిషి. పెళ్ళయిన మూడో నాటికే పొలం కాపలా అంటూ మంచె ఎక్కాడు. మిరప కోత అయిపోయింది, జొన్న కోత అయిపోయింది, పొలంలో కాపలా కాయవలసిన గింజ లేదు, ఆయన మాత్రం మంచె దిగలేదు. ఎదురుపడితే తలవంచుకునేవాడు. అంగడికి పోయిన ప్రతిసారీ నాకు గాజులో, పూలో తప్పకుండా తెచ్చి, చేతికివ్వకుండా గూట్లో పెట్టి పోయేవాడు. ఒక్క గట్టి మాట అనలేదు, ఒక్క దగ్గరి మాటా అనలేదు. నాలో ఏం లోపం చూశాడో అని నేను చిలకకొయ్యకు తగిలించిన చిన్న అద్దంలో నా మొహం నేను ఎన్నిసార్లు పరీక్షగా చూసుకున్నానో లెక్కలేదు.

ఏడాది తిరిగేసరికి అత్త నోరు విప్పింది. నా కడుపు పండలేదట. తాయెత్తులు కట్టించింది, దర్గాకు తీసుకుపోయింది, ఏదో చెట్టు బెరడు నూరి చేదు మందు పట్టించింది. నేను కళ్ళు మూసుకుని తాగాను. కొడుకు మంచె దిగడం లేదని తల్లికి ఎలా చెప్పడం? రెండో ఏడు గడిచాక బావి దగ్గర పదిమంది ముందు అనేసింది.

"గొడ్డుబోతును తెచ్చి నా కొడుకు మెడకు కట్టిన్రు. గిదాన్ని ఎన్నేండ్లు మేపాలె?"

ఆయన అక్కడే ఎద్దులకు నీళ్ళు పెడుతున్నాడు. విన్నాడు. ఎద్దుల వైపు తిరిగి నిలబడ్డాడు తప్ప నోరు మెదపలేదు. అదిగో, ఆ వీపును నేను క్షమించలేదు. మరునాడు బాపు వచ్చి నన్ను ఇంటికి తీసుకువచ్చాడు.

అప్పట్లో మా ఊరి దవాఖానకు మరాఠీ డాక్టరమ్మ ఒకావిడ కొత్తగా వచ్చింది. పరీక్ష చేయించి, లోపం నాదేనని కాగితం తెస్తే కొడుక్కు రెండో పెళ్లి చేస్తానని అత్త కబురు పెట్టింది కనుక బాపు నన్ను ఆవిడ దగ్గరకు పంపాడు. ఆవిడ పరీక్ష చేసింది, నా మొహం వైపు చాలాసేపు చూసింది, తలుపు దగ్గరకు వేసి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఘాబరూ నకోస్" అంది, భయపడకు అని. రెండేళ్ళు కాపురం చేశావంటున్నారు, కాపురమే జరగలేదు కదా అని ఆవిడ అడగ్గానే నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే మంచె సంగతి చెప్పాను. గడ్డివాములో ఒకసారి నా చేతికి తగిలిన వెండికాగితం పొట్లాల సంగతీ చెప్పాను.

పొట్లాల మాట వినగానే ఆవిడ బల్ల సొరుగు లాగి అలాంటివే గుప్పెడు తీసి చూపించింది. ఊళ్ళ నుంచి పడుచువాళ్ళు మొహాలు ఉబ్బి, కాళ్ళు నీరు పట్టి తన దగ్గరకు వస్తున్నారనీ, ఏదో ఖనిజం కాల్చి కలిపిన ఆ బూడిద మూత్రపిండాలను తినేస్తుందనీ చెప్పింది. వాళ్ళకు మొదట్లో అసలు జబ్బే ఉండదు. నిద్రలో బట్టలు తడవడం, ఒంట్లో కొత్త కోరికలు పుట్టడం ఆ వయసులో ప్రతి మగపిల్లవాడికీ ఉండేవే. వాటిని వీడు జబ్బని చెప్పి భయపెడుతున్నాడు. ఈ దవాఖాన గదిలో నేను ఒక్కొక్కడికి చెబుతున్నాను, వాడు హాలులో వందలమందికి ఒక్కసారే చెబుతున్నాడు, ఆ తెర మీద ఎవరు రాస్తున్నారో గాని వాళ్ళ చేతులు పడిపోను అని ఆవిడ విసుక్కుంది. నేను నా చేతులు చీర చెంగులో దాచుకున్నాను.

ఆవిడ ఆయన కోసం నర్సు చేత కబురు పంపింది. అత్త ఆ నర్సును గడప తొక్కనివ్వలేదు.

ఇంటికి వచ్చి నేను చేసిన మొదటి పని, మసి పట్టించడానికి దీపం వెలిగించడం. రెండేళ్ళుగా లోపల మగ్గుతున్నదంతా ఒక్కసారిగా దారి చూసుకుంది. సంఘసేవ అనీ, యువతకు జ్ఞానం పంచడం అనీ ఇప్పుడు మా మనవరాలు అందంగా చెబుతుంది. నాకు అలాంటివేమీ లేవు. ఆ లాడ్జి వైద్యుణ్ణి ఏ తెర మీద పెంచానో ఆ తెర మీదే పాతరేయాలి, అంతే. మామ దగ్గరకు పోయి, వారానికి ఒక స్లైడు దవాఖాన తరఫున ఊరికే వేయమన్నాను. మామ మొదట హడలిపోయాడు. డాక్టరమ్మ స్వయంగా వచ్చి అడిగాక ఒప్పుకున్నాడు. టికెట్ల కిటికీ పక్కన బిస్కెట్ల డబ్బా ఒకటి మేకు కొట్టి బిగించి, మూతకు చీలిక కోయించాం. పేరు రాయకుండా ప్రశ్న రాసి అందులో వేస్తే, అంగడి రోజు మ్యాట్నీ ఇంటర్వెల్‌లో జవాబు తెర మీద వస్తుందని ప్రకటించాం. జవాబు డాక్టరమ్మది, అక్షరాలు నావి.

మొదటి స్లైడు నాకు ఇప్పటికీ కంఠతా ఉంది. 'నిద్రలో బట్టలు తడవడం జబ్బు కాదు. మీసం రావడం ఎలాంటిదో అదీ అలాంటిదే. దానికి మందు లేదు, అక్కర్లేదు.' పైన మరాఠీలో, కింద తెలుగులో. హాలులో ఈలలు, కేకలు. గంట సేపు గోల తగ్గలేదని మామ చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. ఊరి పెద్దలు బాపు దుకాణానికి వచ్చి, వయసు మీరాక నీకిదేం పాడు బుద్ధి, ఆడవాళ్ళు కూర్చునే చోట ఇవేం రాతలు అని చీవాట్లు పెట్టారు. రాసింది ఆయనే అనుకున్నారు కదా. బాపు తల వంచుకుని అన్నీ పడ్డాడు. వాళ్ళు వెళ్ళాక నేను ఇక ఆపేయమంటాడని భయపడుతూ ఉంటే, కాసేపటికి గాజుపలకలు నాలుగు కడిగి, తుడిచి, నా ముందు పెట్టి పోయాడు.

మరో వారానికి డబ్బా నిండింది. తెలుగు చీటీలు, మరాఠీ చీటీలు, నిజాం కాలం చదువుల వాళ్ళ ఉర్దూ చీటీలు. ఉర్దూవి బాపు చదివి, సిగ్గుపడుతూ అటు తిరిగి నిలబడి నాకు చెప్పేవాడు. నెలసరప్పుడు పిల్లను బయట కూర్చోబెడితేనే మంచిదా అని ఒక తల్లి, ముద్దు పెట్టుకుంటే కడుపు వస్తుందా అని ఎవరో అమ్మాయి, పెళ్ళికి ముందు తప్పుదారి తొక్కాను, జబ్బు అంటిందేమో, ఎవరికి చూపించుకోవాలని ఒకడు. నవ్వొచ్చేవి కొన్ని, గుండె బరువెక్కించేవి చాలా. అన్నిటికీ డాక్టరమ్మ ఓపికగా జవాబులు చెప్పేది. నేను మాత్రం నా పగకు పనికొచ్చేవి ముందు ఏరుకునేదాన్ని. 'పిల్లలు కలగకపోతే లోపం ఇద్దరిలో ఎవరిదైనా కావచ్చు. ఆడదాన్ని ఒక్కదాన్నే అనకండి.' ఆ పలక అచ్చంగా మా అత్త కోసం గీకాను. ఆవిడ జన్మలో సినిమా హాలు మొహం చూసిన మనిషి కాదు, అయినా కర్ఖేలి నుంచి అంగడికి వచ్చినవాళ్ళు ఆ మాట మోసుకుపోయి ఆవిడ చెవిన వేశారని తెలిసి ఆ రోజు తృప్తిగా భోంచేశాను.

లాడ్జి వైద్యుడి స్లైడును మామ ఆపేశాడు. వాడు ఊరుకుంటాడా, గోడలు పట్టాడు. వేరే ఊరి పెయింటర్ని తెచ్చి స్టేషను గోడ నిండా రాయించాడు. దవాఖాన మాటలు నమ్మితే వంశం ఆగిపోతుంది, ఇదంతా నస్‌బందీ, అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, చేయడానికి సర్కారు పన్నిన ఎత్తు అని కూడా ప్రచారం చేశాడు. కొందరు నమ్మారు. వాడు తెగించే కొద్దీ నా సూది పదునెక్కింది.

అలాంటి ఒక అంగడి మర్నాడు డబ్బా తెరిచి చీటీలు చూస్తుంటే ఒకటి చేతికి వచ్చింది. చదవకముందే ఎవరిదో తెలిసిపోయింది. మా సరిహద్దు ఊళ్ళలో తెలుగు ఇంట్లో నేర్చుకుని, బడిలో మరాఠీ చదివిన వాళ్ళలో కొందరికి ఒక అలవాటు ఉండేది. తెలుగు రాసినా అక్షరాల నెత్తిన మరాఠీ గీత గీస్తారు. మా ఆయన కూలీల పేర్లు రాసిన కాగితాల మీద ఆ గీత కింద వేలాడే తెలుగు అక్షరాలను నేను రెండేళ్ళు చూశాను.

"తెర మీద చాన దినాల కింద సదివిన, నీరసమున్నోడు లగ్గం జేస్కుంటే ఆడిపిల్ల బతుకు పాడైతదని. ఇంట్లోల్లు లగ్గం జేసిన్రు. ఆమె బతుకు పాడు చెయ్యద్దని నేను దూరమున్న. ఏండ్లసంది మందు తింటున్న. గిప్పుడు మీరు జబ్బే లేదంటున్రు. ఏది నిజం? మీది నిజమైతే ఆమెను పిల్చుకచ్చుకుంట."

ఆయన్ను మంచె దిగనివ్వనిది వైద్యుడి మాట కాదు, నా మాట. ఆడపిల్లల తరఫున నేను చేర్చిన ఆ ఒక్క వాక్యం. ఆయన దాన్ని నిజమని నమ్మి, నన్ను కాపాడుతున్నానని అనుకుని, రెండేళ్ళు మంచె మీద మంచుకు తడిశాడు. ఇది తెలిసిన ఏ ఆడదైనా లేచి కర్ఖేలికి పరుగెత్తాలి. నేను లేవలేదు. ఉన్నమాట చెబుతాను, చీటీలో నాకు చివరి ముక్క ఒక్కటే మళ్ళీ మళ్ళీ కనబడింది. పిల్చుకచ్చుకుంట అట! ఎక్కడో దాచిపెట్టిన సామాను తెచ్చుకున్నట్టు. బావి దగ్గర తల్లి నన్ను గొడ్డుబోతు అన్నప్పుడు ఎద్దుల వైపు తిరిగిన మనిషి, అప్పుడు ఒక్క మాట నాతో అని ఉంటే, నన్నే ఒక్కసారి అడిగి ఉంటే! నేను రెండేళ్ళు ఎదురుచూశాను కదా, కొన్ని వారాలు ఆయనా చూడనీ అనుకున్నాను. చీటీని డాక్టరమ్మకు ఇవ్వకుండా నా పెట్టెలో చీరల మడత కింద పెట్టాను.

ఆ వారం అంగడికి ఆయన వచ్చాడు. బాపు దుకాణం తడిక సందు నుంచి చూస్తే హాలు తలుపు కనిపిస్తుంది. టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్ళాడు, ఇంటర్వెల్ కాగానే బయటికి వచ్చేశాడు. సినిమా కోసం రాలేదన్నమాట. రెండో వారమూ అంతే. మూడో వారం కిందటిసారి కంటే మొహం నిండుగా, బుగ్గలు పూడి కనిపించింది. నేను లేకపోయినా తల్లి చేతి వంట బాగానే ఒంటబడుతోందని పళ్ళు కొరుక్కున్నాను. మొహాలు ఉబ్బి వస్తున్నారని డాక్టరమ్మ నాకు చెప్పింది. ఆ పొట్లాలు నేను కళ్ళారా చూశాను. అన్నీ తెలిసి కూడా ఆ రోజు ఆ మొహంలో నాకు సుఖమే కనబడింది. నాలుగో వారం ఆయన హాలు మెట్ల దగ్గర కాసేపు కూర్చుని, ఊపిరి తీసుకుని ఎక్కాడు. తడిక ఇవతల నిలబడి నేను, ఇంకొక్క వారం, ఇంకొక్క వారం చాలు అనుకున్నాను.

ఐదో అంగడికి రెండు పలకలు గీకాను. ఆయన చీటీ పైకి తీసి డాక్టరమ్మకు చూపిస్తే, ఇది ఇన్నాళ్ళు ఎక్కడుంది అని ఆవిడ అడగలేదు, ఆ వారమే వచ్చిందనుకుని జవాబు చెప్పింది. ఆ జవాబు ఒక పలక మీద రాశాను. రెండో పలక మాత్రం వైద్యుడి కోసం పూర్తిగా నా బుర్రలోంచి పుట్టింది. 'మందు అమ్మేవాణ్ణి ముందు మీ ఎదుట రెండు పొట్లాలు తినమనండి. తింటేనే కొనండి.'

మ్యాట్నీ వదలగానే హాలులోంచి పడుచువాళ్ళ గుంపు తిన్నగా లాడ్జికి పోయింది. మిరప బస్తాలు దింపే హమాలీలు, అంగట్లో బేరానికి వచ్చినవాళ్ళు వెనకాల చేరారు. నేను జీవితంలో మొదటిసారి దుకాణం ముందుకు వచ్చి నిలబడ్డాను. వైద్యుణ్ణి కిందికి పిలిచారు.

"వైద్యుల సాబ్, గీ రెండు పొట్లాలు మీరు తినుండ్రి. మీకేం కాదు గద!"

వాడు ముందు నవ్వాడు, తర్వాత గద్దించాడు, తర్వాత పరగడుపునే వేసుకోవాలన్నాడు. గుంపులో ఒకడు ఆ పొట్లాలు విప్పి నీళ్ళచెంబుతో సహా వాడి మూతి దగ్గర పెట్టాడు. వాడు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. అంగడంతా పగలబడి నవ్వింది. ఎవరూ వాడి మీద చెయ్యి వేయలేదు, వేయవలసిన పనీ లేకపోయింది. ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని స్టేషనుకు పోతూ వాడు మా దుకాణం ముందు నుంచే నడిచాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా, వాడి మొహంలోకి చూస్తూ నవ్వాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ నవ్వుకు నాకు పశ్చాత్తాపం లేదు. మళ్ళీ అవకాశం వస్తే ఇంకా గట్టిగా నవ్వుతాను.

ఆ నవ్వు మొహం మీద ఉండగానే ఎవరో నా భుజం తట్టారు. తిరిగి చూస్తే అత్త. నా చేతులు రెండూ పట్టుకుంది.

"బిడ్డా, నిన్న ఆన్ని నాందేడు దవాఖానకు తోల్కవోయిన్రు. మొకమంత ఉబ్బింది, ఊపిరాడుతలేదు. నిన్నే యాది చేస్తుండు. నా మాటలు మనసుల పెట్టుకోకు, రాయే."

అత్త నా ముందు తల వంచి నిలబడే రోజు కోసం నేను రెండేళ్ళు కాచుకున్నాను. ఆ రోజు ఏమేం అనాలో లోపల వెయ్యిసార్లు అనుకున్నాను. వచ్చింది, నిలబడింది, నేను దుకాణం తడిక వేసి ఆవిడ వెంట నడిచాను. ఆ సాయంత్రం బండికే నాందేడ్ పోయాం.

ఆయన కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. కళ్ళు కూడా సరిగ్గా తెరుచుకోనంతగా మొహం ఉబ్బి ఉంది. నన్ను చూసి లేవబోయాడు. అత్త బయటికి వెళ్ళాక, పెళ్ళయిన తర్వాత మొట్టమొదటిసారి, నా మొహం చూస్తూ మాట్లాడాడు.

"మీ మామ హాల్ల డబ్బల నేనొక సవాలు చీటీ ఏసిన. గీ వారం నేను పోలే. జవాబు అచ్చిందా?"

వచ్చిందన్నాను. ఏమన్నారని అడిగాడు. పలక మీద గీకిన మాటలు ఒక్కటీ పొల్లుపోకుండా చెప్పాను. 'మీకు జబ్బు లేదు. మొదటి నుంచీ లేదు. ఎవరి బతుకూ మీ వల్ల పాడు కాదు. మందు ఈ రోజే మానేయండి, దవాఖానకు రండి. మీ భార్యను ఇంటికి తెచ్చుకోండి.' ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. కళ్ళ పక్క నుంచి నీళ్ళు దిండులోకి కారాయి. నెమ్మదిగా అడిగాడు.

"మరి గింత ఆలిశమెందుకైందో?"

"సవాళ్ళు చాన అచ్చినయంట" అన్నాను.

నమ్మాడు. తల ఊపాడు. "అవు మరి. నాసొంటోల్లు చానమంది ఉంటరు" అన్నాడు.

ఎనిమిది రోజులు ఆయన మంచం పక్కనే ఉన్నాను. అవే మా కాపురం. గూట్లో ఆయన పెట్టిపోయిన గాజులు ఎందుకు తొడుక్కోలేదని అడిగాడు, ఇక మీదట తొడుక్కుంటానన్నాను. స్లైడు రాసింది నేనేనని చెప్పలేదు. చెప్పడానికి తొమ్మిదో రోజు మిగల్లేదు.

నెల ముందే వచ్చినా ఆ మూత్రపిండాలు బాగుపడేవి కావేమో అని డాక్టరమ్మ తర్వాత అంది. అది నిజమో, నా మీద జాలో నేను గుచ్చి అడగలేదు. ఆవిడ బదిలీ అయిపోయాక వచ్చిన డాక్టర్లతో కూడా మాట్లాడి, టీవీలు వచ్చి హాలు మూతపడేదాకా ఆ స్లైడ్లు రాస్తూనే ఉన్నాను. ఆ తర్వాత ఒక్క చీటీని కూడా ఒక్క వారం దాటనివ్వలేదు. జ్వరం వచ్చినా గీకాను. తర్వాతి ఏళ్ళలో ఎందరో పడుచువాళ్ళు పెళ్ళిపత్రికలు పట్టుకుని బాపు దుకాణానికి వచ్చేవారు, ఎందుకు వచ్చారో చెప్పకుండా పత్రిక ఇచ్చి దండం పెట్టి పోయేవారు. బాపు ఆ పత్రికలన్నీ తెచ్చి నాకిచ్చేవాడు. లాడ్జి వైద్యుడు ఇంకో జిల్లాలో ఇంకో లాడ్జిలో దిగాడని విన్నాను, అక్కడి హాళ్ళకు కూడా మామ చేత స్లైడ్లు పంపించాను. వాణ్ణి నేను వదల్లేదు. నన్ను నేను కూడా వదల్లేదు.

కాలం మంచికే మారింది, కాదనను. ఇప్పుడు పిల్లలు అడగడానికి సిగ్గుపడరు, చెప్పడానికి పెద్దలు తడబడరు, అడిగిన నిమిషంలో జవాబు వస్తుంది. మా రోజుల్లో పేరు లేని చీటీ రాయడానికే ఒక మనిషికి ఏళ్ళు పట్టేది, రాసి డబ్బాలో వేశాక, హాలులో చీకట్లో కూర్చుని తన జవాబు కోసం ఒక అంగడి నుంచి ఇంకో అంగడి దాకా ఎదురుచూసేవాడు. అందరి ప్రశ్నలకూ వారం పట్టేది. ఆయన ప్రశ్నకు ఐదు వారాలు పట్టింది. అందులో నాలుగు నావి.